కంచికి వెళ్ళని కథలు

మన పెద్దలు కథ ముగించేటప్పుడు "కథ కంచికి, మనం ఇంటికి" అనేవారు. కథకు ఒక ముగింపు వుండాలనీ, అది తెలిసిన తరువాత వినేవారు లేచి తమ పనులు చూచుకోవాలనీ ఆ మాటలో ఒక మర్యాద వున్నది. టెలివిజన్ ధారావాహిక వచ్చి ఆ మర్యాదను తలక్రిందులు చేసింది. కథ కంచికి పోలేదు సరిగదా, మొదట వారం వారం, ఆ తరువాత ప్రతి రాత్రీ మన ఇంటికే వచ్చి కూర్చున్నది. మనమేమో లేవడం మానివేశాము. కాంచీపురం పొరుగున కాపురమున్న మన కుటుంబాలలో సైతం ఏ ఒక్క కథా త్వరగా కంచి చేరినట్టు కనబడదు!

ధారావాహికలను తిట్టడం ఎంత సులభమో, మానడం అంత కష్టం. "ఏముంది అందులో, ఏడుపు తప్ప" అని వార్తాపత్రిక అడ్డం పెట్టుకొన్న పెద్దమనిషి మర్నాడు కాఫీ త్రాగుతూ "ఇంతకూ ఆ పిల్ల ఇల్లు చేరిందా?" అని అడగడం మనమెరుగని సంగతి కాదు. కనుక మేము వాటిని ఇక్కడ తిట్టబోవడమూ లేదు, ఆకాశానికెత్తబోవడమూ లేదు. మా ఉద్దేశం వేరు. విజయవాడలోనో, వరంగల్లులోనో వున్నవారికి టెలివిజన్ కథ ఒక కాలక్షేపం. తరతరాలుగా తెలుగునేలకు వెలుపల స్థిరపడిన మనకు అది కాలక్షేపమే గాక భాషా వ్యవహారం కూడా అయింది. మొదట అది ఇరుగుపొరుగు వారిని మన చాపమీద కూర్చోబెట్టింది. తరువాత మన తెలుగును మనకే తెచ్చి ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ కొంత తీసుకొనీ పోయింది. ఆ జమాఖర్చులు ఒకసారి చూచుకొందామని ఈ వ్యాసం.

బొంబాయికి టెలివిజన్ 1972 అక్టోబరు 2న వచ్చింది. మద్రాసుకు 1975 ఆగస్టు 15న. హైదరాబాదు కేంద్రం 1977లోనూ, బెంగుళూరు కేంద్రం 1981లోనూ పని ప్రారంభించాయి. ఈ మధ్యలో, 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరంపాటు, అమెరికా వారి ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా కూడా వున్నాయి. పల్లె జనం పంచాయతీ ఆవరణలోనో, బడిముందో నేలమీద కూర్చొని చూచేవారు.

ఆ రోజులలో టెలివిజన్ ప్రసారం కేంద్రం చుట్టుప్రక్కలకే అందేది. హైదరాబాదులో చూపించే తెలుగు కార్యక్రమం మదురలో వున్న తెలుగింటికి అందే ప్రసక్తి లేదు. మద్రాసు తెలుగువారు అరవ నాటకాలు చూచారు. బొంబాయి తెలుగువారు మరాఠీ 'చిమణరావ్' చూచి, దిలీప్ ప్రభావళకర్ నటనకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. యానాం వారి సంగతి వేరు. నాలుగు ప్రక్కలా గోదావరి జిల్లా తెలుగే గనుక వారికి ఈ వెలితి అంతగా తెలియదు. మిగిలిన మనకందరికీ తెర వచ్చిందిగాని, తెరమీద తెలుగు రాలేదు. 1980లలో ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ నుండి వచ్చే ప్రాంతీయ భాషా చిత్రాలలో తెలుగు వంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూడడమే మనకు మిగిలిన భాగ్యం.

అప్పట్లో టెలివిజన్ అంటే వీధికి ఒకటి. మద్రాసులో తయారైన డయనోరా, సాలిడేర్, హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారి ఇ.సి. టీవీ అప్పటి గొప్ప పేర్లు. చెక్క పెట్టె, దానికి జరిపే తలుపులు, ఆ తలుపులకు తాళం, పైన ఇంటి ఆడపడుచు అల్లిన లేసు గుడ్డ. మేడమీద యాంటెన్నామీద కాకి వాలితే క్రింద బొమ్మ వణికేది. ఒకరు పైన దానిని త్రిప్పుతూ "వచ్చిందా?" అని కేక వేస్తే, క్రింద వున్నవారు "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!" అనేవారు. సాయంత్రం కాగానే వీధిలోని పిల్లలందరూ ఆ ఇంటి గుమ్మంలో చేరేవారు. ముందు వరుస చాప పిల్లలకు, వెనుక బల్ల పెద్దవారికి, కిటికీ బయట నిలుచున్నవారికి గాలీ, సగం బొమ్మా.

1982 ఆగస్టు 15న ఢిల్లీ నుండి జాతీయ కార్యక్రమమూ, రంగుల ప్రసారమూ వచ్చాయి. 1984 జూలై 7న 'హమ్ లోగ్' మొదలయింది. అక్షరాస్యత, కుటుంబ నియంత్రణ వంటి విషయాలను కథలో కలిపి చెప్పే పద్ధతిని మెక్సికోలో మిగేల్ సబీదో అనే ఆయన నడిపి చూపించారు. దానిని మన దేశానికి తగినట్టు మలచి మనోహర్ శ్యామ్ జోషి గారు ఈ కథ వ్రాశారు. త్రాగుబోతు తండ్రి, నోరు మెదపని తల్లి, ఉద్యోగం కోసం తిరిగే కొడుకు. ఆడపిల్లలు బడ్కీ, మఝ్లీ, ఛుట్కీ. మనవాళ్ళకు ఆ పేర్లు వినగానే నవ్వు వచ్చింది. పెద్దది, నడిపిది, చిన్నది అని మన ఇళ్ళలో పిలవడం లేదా? వాళ్ళూ మనవంటివాళ్ళే గదా అనిపించింది.

అయితే ఆ మాటలు హిందీ. అందుచేత ఇంటిలో ఒక దుబాసీ కావలసివచ్చేది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి పరీక్షలకు కట్టి, ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష వరుసగా ప్యాసయిన ఆడపిల్లకు ఆ గౌరవం దక్కేది. అంతవరకూ ఆ పరీక్షలు దేనికి పనికివస్తాయో ఇంటిలో ఎవరికీ తెలియదు! తెరమీద పాత్ర నాలుగు వాక్యాలు పలికేలోగా ఆ పిల్ల ఒక వాక్యంలో తెలుగు చెప్పాలి. ఆలస్యమైతే నాయనమ్మ "ఏమన్నాడే? ఏమన్నాడే?" అని భుజం పొడిచేది. చెప్పిన తెలుగులో సగం కల్పితమని ఎవరికీ తెలిసేది కాదు. ప్రక్కనే కూర్చున్న పొరుగింటి ఆవిడకు అదే సంగతి అరవంలోనో, కన్నడంలోనో మళ్ళీ చెప్పవలసి వచ్చేది. ఒక్క కథ ఒక్క గదిలో మూడు భాషలు మాట్లాడేది.

ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ గారు తెరమీదకు వచ్చి, ఇంటి పెద్దవలె నాలుగు మాటలు చెప్పి సెలవు తీసుకొనేవారు. తరువాతి రోజులలో 'హమ్ లోగ్' అన్న మాటను దేశంలోని వేరువేరు భాషలలో పలికి ముగించేవారు. ఇక్కడ మాకొక చిత్రమైన ఆలోచన కలుగుతుంది. హిందీలో 'హమ్' ఒకటే మాట. తెలుగులో దానికి రెండున్నాయి: మేము, మనము. ఎదుటివారిని విడిచి చెబితే మేము. కలుపుకొని చెబితే మనము. పరాయి నేలమీద ఇల్లు కట్టుకొన్న మన కుటుంబాలకు ఈ రెండింటి మధ్య తేడా తెలిసినట్టు మరెవరికి తెలుసును? వీధిలో వున్న నలభై ఇళ్ళకూ మనం చాలాకాలం "మేము"గానే వున్నాము. ఆ చాపమీద పొరుగింటివారితో కలిసి బడ్కీ పెండ్లి గురించి దిగులుపడిన సాయంత్రాలలో ఎప్పుడో తెలియకుండానే "మనము" అయ్యాము. 1985 డిసెంబరులో ఆ కథ ముగిసిన రోజున రెండు మూడు భాషల వాళ్ళు కలిసి ముక్కు చీదుకొన్నారు.

మరుసటి సంవత్సరం, 1986లో, రెండు కథలు వచ్చాయి. ఒకటి రమేశ్ సిప్పీ గారు, జ్యోతి సరూప్ గారు తీసిన 'బునియాద్'. దేశ విభజనలో లాహోరు విడిచి ఢిల్లీ చేరిన కుటుంబం కథ. మాస్టర్ హవేలీరామ్‌గా ఆలోక్ నాథ్. వారి బాధ వేరు, మన స్థితి వేరు. రెంటినీ పోల్చడం తగదు. మనలను ఎవరూ తరుమలేదు. మన పూర్వులలో కొందరు నాయక రాజుల వెంట వెళ్ళినవారు, కొందరు మగ్గంతో సోలాపురం చేరినవారు; కొందరేమో ఎక్కడికీ కదలకుండానే, 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడూ, 1953లోనూ, 1956లోనూ సరిహద్దు తమను దాటి పోగా అవతలి వైపు మిగిలినవారు. అయినా ఇల్లు ఒకచోట, వేరు మరొకచోట వుండడమంటే ఏమిటో ఆ కథ చూచిన మన వృద్ధులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

రెండవది 'మాల్గుడి డేస్'. మద్రాసులో పుట్టి మైసూరులో స్థిరపడిన తమిళ కుటుంబీకులు ఆర్.కె. నారాయణ్ గారు ఇంగ్లీషులో వ్రాసిన కథలవి. కన్నడ నటుడు శంకర్ నాగ్ గారు వాటిని పడమటి కనుమలలోని ఆగుంబెలో హిందీలో తీశారు. బొమ్మలు ఆర్.కె. లక్ష్మణ్ గారివి, సంగీతం ఎల్. వైద్యనాథన్ గారిది. ఇన్ని భాషలు కలిసిన కథ తెలుగింటి వసారాలోకి వస్తే, అది పరాయిదని ఎవరికీ తోచలేదు. స్వామి వేషం వేసిన మాస్టర్ మంజునాథ్ అందరి ఇంటి కుర్రవాడైపోయాడు. కర్ణాటకలోని మనవారికి అందులో మరొక గర్వం: ఆ వాన, ఆ పెంకుటిళ్ళు తమ రాష్ట్రానివి. శంకర్ నాగ్ గారు 1990లో మోటారు ప్రమాదంలో మరణించారన్న వార్త విని సొంత మనిషి పోయినట్టు బాధపడిన తెలుగు కుటుంబాలు బెంగుళూరులోనూ, కోలారులోనూ ఎన్నో.

1987 జనవరి 25న రామానంద్ సాగర్ గారి 'రామాయణ్' వచ్చింది. దీనికి మాత్రం దుబాసీ అక్కరలేకపోయింది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు వీధులు నిర్మానుష్యం. తలంటిపోసుకొని, టెలివిజన్ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి కూర్చున్న ఇళ్ళు వున్నాయి. మన నాయనమ్మలకు హిందీ తెలియకపోయినా కథ మొత్తం తెలుసును. పైగా తెర ఎక్కడెక్కడ తప్పుదారి పట్టిందో కూడా తెలుసును. "మన రామారావు ఇలా నడవడే" అని 1963 నాటి 'లవకుశ'ను తలచుకొని ఒక నిట్టూర్పు. మరి రెండు వారాలకు అరుణ్ గోవిల్ గారికీ ఆవిడ నమస్కారమే పెట్టింది. 1988 అక్టోబరు 2న మొదలైన బి.ఆర్. చోప్రా గారి 'మహాభారత్'లో గూఫీ పేంటల్ శకుని పాచికలు విసరినప్పుడల్లా, మన ధూళిపాళ గారి శకునితో పోలిక పెట్టి వాదులాడుకొన్నాము. వాదన ఎటు తేలినా, పొరుగువారికి మన పౌరాణిక చిత్రాల గురించి చెప్పుకొనే అవకాశం మనకు దొరికింది.

ఇక రెండవ అంకం. 1995లో జెమినీ టీవీ, ఈటీవీ వచ్చాయి. ఉపగ్రహానికి సరిహద్దులు లేవు. కేబుల్ నడిపే కుర్రవాడిని బ్రతిమాలో, వీధిలోని తెలుగిళ్ళు నాలుగూ కలిసి అడిగో ఒక తెలుగు ఛానలు పెట్టించుకొన్నాము. ఇంటిలో ఒక భాష, బడిలో ఒకటి, బజారులో ఒకటి అయిన మనకు, గోడప్రక్కనుండి పగలూ రాత్రీ తెలుగు వినిపించడం ఎంతటి సంగతో మరొకరికి చెబితే అర్థమవుతుందా? పిల్లలు మొదటిసారిగా తాత నాయనమ్మలవి కాని గొంతులలో తెలుగు విన్నారు. ఇది ముసలివాళ్ళ భాష కాదని వారికి అప్పుడు తెలిసింది. టెలివిజన్ మనకు చేసిన మేలులన్నిటిలో ఇది మొదటిదని మా అభిప్రాయం.

తెలుగులో తొలి దినసరి ధారావాహికగా పేరు పొందిన 'ఋతురాగాలు' 1990ల చివరి భాగంలో దూరదర్శన్‌లో వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి గారి నవల ఆధారంగా మంజులా నాయుడు గారు దానిని తీశారు. ఆ శీర్షిక గీతం వినబడగానే వంటింటిలో స్టవ్ ఆగిపోయేది. ఆ నవలాకారిణిని వారపత్రికలలో వెంట వెంట చదివిన అమ్మలకు అది పాత స్నేహితురాలు తిరిగి వచ్చినట్టు. తరువాత మంజులా నాయుడు గారే జెమినీలో 'చక్రవాకం', 2008 నుండి 2013 వరకు 'మొగలిరేకులు' నడిపించారు. ఏడుపులు మాకు వద్దన్నవారికి గుణ్ణం గంగరాజు గారి 'అమృతం' వుండనే వుంది: 2001 నుండి 2007 వరకు ఆదివారం రాత్రి అమృతరావు, ఆంజనేయులు హోటలు పెట్టి పడిన పాట్లు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు నోరు తెరిస్తే చాలు, అరవ బడిలో చదివే మన పిల్లలకు సైతం హాస్యం అర్థమయ్యేది. హాస్యం అర్థమయిందంటే భాష వచ్చినట్టే.

తమిళనాట మన కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన తమాషా జరిగింది. 1999 చివర సన్ టీవీలో రాధిక గారి 'చిత్తి' ప్రారంభమయింది. అదే తెలుగులో 'పిన్ని'గా జెమినీలో వచ్చింది. చిత్తి అన్నా పిన్ని అన్నా ఒకటే. తల్లి చెల్లెలు కావచ్చు, సవతి తల్లీ కావచ్చు. మన ఇళ్ళలో అరవ 'చిత్తి' చూచేవారు; రాజమండ్రిలో వున్న అక్కగారు తెలుగు 'పిన్ని' చూచేవారు. టెలిఫోనులో ఈవిడ ముందు జరగబోయే కథ చెబుతుంటే, ఆవిడ "చెప్పకే, చెప్పకే" అంటూనే వినేది. పండుగకు తప్ప మాటలు లేని బంధువుల మధ్య ఒక కథ రాకపోకలు పెంచింది. అటు మహారాష్ట్రలోని మన ఆడవారు 1999లో ఆల్ఫా మరాఠీలో మొదలైన 'ఆభాళమాయా' చూచి పొరుగువారితో చర్చలు చేశారు. 2000 నుండి 2008 దాకా సాగిన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' అన్ని రాష్ట్రాలలోనూ అత్తలకు క్రొత్త అలంకారాలు నేర్పింది. సూర్యకాంతం గారిని చూచిన మనకు మాత్రం ఆ అత్తలెవరూ ఆనలేదు సుమండీ!

ఇంతవరకూ జమ. ఖర్చు కూడా చెప్పాలి గదా.

ధారావాహికలలో వినబడిన తెలుగు చాలావరకు కృష్ణా గోదావరి తీరాల చదువుకొన్న కుటుంబాల తెలుగు. అది మంచి తెలుగే. కాని మన తెలుగు ఒకటి కాదు. బరంపురం ఇంటిలో "బేగి రా" అంటారు. హోసూరు ఇంటిలో "ఆ తావున పెట్టు" అంటారు. తెలంగాణ నుండి సోలాపురం వెళ్ళిన నేతవారి ఇంటిలో మజ్జిగ అనరు, సల్ల అంటారు. ఈ మాటలేవీ తప్పులు కావు. మన పూర్వులు బయలుదేరిన ఊరినుండి మూట కట్టుకొని వచ్చినవి, తరాల తరబడి వాడి నిలుపుకొన్నవి. తెరమీద ఇటువంటి మాట వినబడితే అది తరచు పనివాని నోటనో, నవ్వించే పాత్ర నోటనో వినబడేది. అది చూచి మన పిల్లలు ఏమనుకొన్నారు? నాయనమ్మ మాట్లాడేది మోటు, టెలివిజన్‌లో మాట్లాడేది శుద్ధం అనుకొన్నారు. "టీవీలో అలా అనరు నాయనమ్మా" అని ఒకనాడు మనుమరాలు దిద్దితే, ఆ తల్లి నవ్వి ఊరుకొన్నది. అలా ఊరుకొన్న నాయనమ్మలు తరువాత ఆ మాటలను పిల్లల ముందు వాడడం తగ్గించారు. భాషను తెచ్చిన చేతితోనే దాని రంగులలో కొన్నిటిని కథ తుడిచివేసింది. ఎవరూ కావాలని చేసినది కాదు. అందుకే ఎవరికీ కనబడలేదు.

మరొక ఖర్చు: చాప చుట్టివేశాము. పెట్టె ఇంటికొకటయింది, తరువాత గదికొకటి, ఇప్పుడు చేతికొకటి. నాయనమ్మ ఒక గదిలో ఒక కథ, కోడలు చేతిలో మరొక కథ, మనుమడి చెవిలో ఏదో కొరియా దేశపు కథ. దుబాసీ ఉద్యోగం రద్దయింది; తెరక్రింద అక్షరాలు ఆ పని చేస్తున్నాయి. "ఏమన్నాడే?" అని అడిగేవారూ లేరు, చెప్పేవారూ లేరు. నిజానికి మనం ఆ పాత కథలను తలచుకొని మురిసిపోతున్నామంటే, ఆ కథలలోని గొప్ప కంటె, ఆ అడగడమూ చెప్పడమూ వల్లనే కాబోలు. కథ సగం తెరమీద జరిగితే, సగం చాపమీద జరిగింది.

2020 మార్చి 28న, మహమ్మారి కారణంగా దేశమంతా తలుపులు వేసుకొని వున్నప్పుడు, దూరదర్శన్ పాత 'రామాయణ్'ను మళ్ళీ చూపించింది. అనేక ఇళ్ళలో మూడు తరాలు ఒక గదిలో చేరాయి. ముప్పై మూడు సంవత్సరాల క్రిందట ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ఇప్పుడు వెనుక కుర్చీలలో కూర్చొని, తమ పిల్లలకు తెలుగు చెప్పారు. కథ పాతదే, దుబాసీలు మారారు. ఆ అవకాశం మళ్ళీ రావాలంటే మహమ్మారి అక్కరలేదు. మన ఇష్టం చాలు.

ఇటువంటి పనికి మన ముందు ఒక మంచి ఉదాహరణ వున్నది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామంలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళంలో గొప్ప కథకులయ్యారు. తెలుగువారు ఆ సీమకు వలస వచ్చిన కథను 'గోపల్లగ్రామం' అనే నవలగా 1976లో వెలువరించారు. అంతటితో ఊరుకోక, ఆ నల్లరేగడి సీమ పల్లె జనం వాడుక మాటలను సేకరించి ఒక నిఘంటువే కూర్చారు. 2021లో కాలం చేశారు. పొరుగు భాషలోని పల్లె మాటలను మన ఇంటి బిడ్డ అంత ఆదరంతో దాచిపెట్టగా, మన ఇంటి మాటలను మనం దాచుకోలేమా?

కనుక పాఠక సోదరీ సోదరులకు మా మనవి ఒక్కటే. 'అమృతం' వంటి పాత భాగాలు ఇప్పుడు యూట్యూబులో దొరుకుతున్నాయి. ఆదివారం ఒక్క గంట, చేతి పెట్టెలు ప్రక్కన పెట్టి, పెద్ద తెరమీద ఒక భాగం పెట్టండి. ఇంటిలోని పెద్దవారిని మధ్యలో కూర్చోబెట్టండి. తెరమీద పాత్ర ఒక మాట అన్నప్పుడు, "దీనిని మన ఇంట్లో ఏమనేవాళ్ళం?" అని అడగండి. చెప్పిన మాటను పిల్లలచేత ఒక పుస్తకంలో వ్రాయించండి. వారు తెలుగు అక్షరాలలో వ్రాయలేకపోతే ఎదుగుతున్న ఆ రాష్ట్రపు లిపిలోనే వ్రాయనివ్వండి. అక్షరం తరువాత నేర్పవచ్చు, మాట పోతే తిరిగి రాదు. వారానికి అయిదు మాటలైనా ఏడాదికి రెండువందల యాభై దాటుతాయి. మన సంఘాలు వాటిని ఒకచోట చేర్చితే, ఏ నిఘంటువులోనూ లేని తెలుగు కొంత నిలుస్తుంది.

కథలు కంచికి వెళ్ళకపోయినా ఫరవాలేదు. అవి మన ఇంటిలో మరికొన్నాళ్ళు వుండనీయండి. వాటిముందు మనం మాత్రం విడివిడిగా గాక, కలిసి కూర్చొందాము.